నిపుణుడెవరు, స్థానికుడెవరు?

ఈ మధ్య మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ సభకు పోయినా ఒకే మాట వినబడుతోంది. ఆటోమేషన్, కృత్రిమ మేధ వచ్చినంత మాత్రాన ఉద్యోగాలు పోవు, పైగా నైపుణ్యం ఉన్న స్థానిక యువకులకు గిరాకీ పెరుగుతుంది, కాబట్టి పిల్లలు నైపుణ్యాలు పెంచుకోవాలి అనేది ఆ మాట. మంత్రులు చెప్తున్నారు, కంపెనీల పెద్దలు చెప్తున్నారు, మన కాలేజీల్లో మన లెక్చరర్లూ చెప్తున్నారు. నేనూ కొన్నాళ్ళు క్లాసులో ఇదే చెప్పాను. ఇది పూర్తిగా అబద్ధం కాదు గనుకనే దీన్ని పరీక్షించాల్సిన అవసరం ఉంది.

ఈ మాటలో రెండు పదాలున్నాయి: నైపుణ్యం, స్థానికత. రెండూ కులంతో ఏ సంబంధమూ లేని పదాల్లాగే కనబడతాయి. వాటిని విప్పి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం. నా వాదన ఇది. ఏ పని నైపుణ్యం, ఏ పని వట్టి కష్టం అనేది యంత్రం నిర్ణయించదు. ఆ పని ఎవరు చేస్తున్నారనే దాన్ని బట్టి సమాజం నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయాన్ని ప్రశ్నించకుండా దళిత విద్యార్థికి నైపుణ్యాలు నేర్చుకో అని మాత్రమే చెప్తే, వాడు ఎక్కుతుండగానే కింది మెట్లు ఊడిపోయే నిచ్చెనను వాడి ముందు పెట్టినట్టే అవుతుంది.

మోట పోయి మోటరొచ్చినప్పుడు

మన అనుభవం నుంచే మొదలుపెడదాం. నా దగ్గర చదువుకున్న ఒక విద్యార్థి తాత పాలమూరు వైపు పల్లెలో మోటలకు తోలు తొండాలు కుట్టేవాడు. కరెంటు మోటరు రాకముందు బావిలోంచి పొలానికి నీళ్ళెక్కాలంటే మోటే దిక్కు. ఎడ్లు లాగుతుంటే ఆ తొండం రోజంతా నీళ్ళలో మునుగుతూ ఎండలో తేలుతూ ఉంటుంది. అది తొందరగా కుళ్ళకూడదు, చిట్లకూడదు, కుట్లలోంచి నీళ్ళు కారకూడదు. దానికి ఏ తోలు పనికొస్తుందో, సున్నంలో ఎన్నాళ్ళు నానాలో, తంగేడు చెక్క ఎంత పట్టాలో, కుట్టు ఎంత దగ్గరగా పడాలో ఆ మనిషికి తెలుసు. ఇది రసాయన శాస్త్రం కాదా? ఇంజనీరింగ్ కాదా? ఊరు మాత్రం దాన్ని ఏనాడూ విద్య అనలేదు. మాదిగ పని అంది. కళ్ళం దగ్గర ఇన్ని గింజలు పోసి చేతులు దులుపుకుంది.

హరిత విప్లవం రోజుల నుంచి పల్లెలకు కరెంటూ పంపుసెట్లూ వచ్చాయి. మోటలు మూలపడ్డాయి. యంత్రం వచ్చి ఒక స్థానిక సాంకేతిక శ్రామికుడి పనిని తీసేయడం అంటే ఇదే. అప్పుడు ఆ తాతకు కొత్త నైపుణ్యం నేర్పాలని ఎవరూ అనలేదు. అతని దగ్గర ఒక నైపుణ్యం ఉండేదని ఒప్పుకుంటే గదా, అది పోయిందని బాధపడేది! అతను కూలీకి పోయాడు. మోటరు కాలిపోతే వైండింగ్ చేసే షాపు మండల కేంద్రంలో వెలిసింది గానీ, దానికి పెట్టుబడీ, బజార్లో కిరాయికి గదీ, అప్పుమీద సామాను ఇచ్చే పరిచయస్థులూ కావాలి. వాడలో ఉన్న మనిషికి అవి ఎక్కడివి?

ఇంకో వైపు చూడండి. 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధనా సంస్థ వచ్చింది. తోలు సాంకేతిక విద్య ఇంజనీరింగ్ డిగ్రీ అయింది. తరతరాలుగా అంటు అని దూరం పెట్టిన పని డిగ్రీగా మారి, తెల్లకోటు వేసుకోగానే నైపుణ్యమైంది. పని అదే, చేసే చేతులు మారాయి. ఆ తర్వాతే గౌరవం వచ్చింది. 1990లో మండల్ వ్యతిరేక ఆందోళనలో అగ్రకుల విద్యార్థులు రోడ్లు ఊడ్చి, బూట్లకు పాలిష్ చేసి నిరసన తెలిపారు. ప్రతిభ ఉన్నవాళ్ళకు రిజర్వేషన్ల వల్ల ఇదీ గతి అని చెప్పడం వాళ్ళ ఉద్దేశం. ఊడ్చే పనిలో, తోలు పనిలో ప్రతిభ అనేదే ఉండదని వాళ్ళకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కర్లేకపోయింది. కులం పనుల మధ్య విభజన మాత్రమే కాదు, పనిచేసేవాళ్ళ మధ్యనే విభజన అని అంబేడ్కర్ 1936లోనే తేల్చి చెప్పాడు. ఇవాళ నైపుణ్యం గురించి మాట్లాడేవాళ్ళు ఆ రెండో భాగాన్ని వదిలేసి మాట్లాడుతున్నారు.

యంత్రం మీద మనకు కోపం లేదు

ఇక్కడ ఒక అపార్థానికి తావివ్వకూడదు. ఇది యంత్రాలు వద్దనే వాదన కాదు. చేతి పనుల స్వర్గంలోకి తిరిగి పోదామని చెప్పేవాళ్ళు ఆ పనులు ఎవరి చేత చేయించారో మరిచిపోతారు. గాంధీవాదాన్ని విమర్శిస్తూ 1945లో రాసినప్పుడు అంబేడ్కర్ యంత్రాన్ని గట్టిగా సమర్థించాడు. మనిషి పశువులాగా ఒళ్ళు విరుచుకుని బతకకుండా, ఆలోచించుకునే తీరిక దొరకాలంటే యంత్రం కావాలన్నాడు. తప్పు యంత్రంలో లేదు, దాని ఫలాన్ని కొందరికే కట్టబెట్టిన సమాజ నిర్మాణంలో ఉందన్నాడు. 1980లలో బ్యాంకుల్లో కంప్యూటర్లు వచ్చినప్పుడు ఉద్యోగ సంఘాలు చేసిన చర్చకూ, దీనికీ తేడా ఉంది. వాళ్ళ ప్రశ్న ఎన్ని ఉద్యోగాలు పోతాయి అన్నది. దళిత దృక్పథం నుంచి అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది: యంత్రం ఏ పనిలోకి వస్తుంది, ఏ పనిలోకి రాదు, ఎందుకు?

మ్యాన్‌హోల్ దగ్గర ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం వచ్చాయి. అయినా మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో ప్రమాదకరంగా పనిచేస్తూ 2019 నుంచి 2023 దాకా 377 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. ఈ పని చేస్తున్న సుమారు 38 వేల మంది వివరాలను ప్రభుత్వం 2024 నాటికి సేకరిస్తే వాళ్ళలో 69 శాతం దాకా షెడ్యూల్డు కులాలవాళ్ళు, ఎస్టీ, బీసీలను కలుపుకుంటే 92 శాతం. హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో మనుషులను మురుగు కాలువల్లోకి దించడం ఆపాలని 2025 జనవరిలో సుప్రీం కోర్టు మళ్ళీ ఆదేశించాల్సి వచ్చింది.

రోగి ఎక్స్‌రే చదివే యంత్రం వచ్చింది, వకీలు రాసే పత్రాన్ని రాసే యంత్రం వచ్చింది. మురుగు కాలువ శుభ్రం చేసే యంత్రం కూడా ఎప్పుడో తయారైంది, కేరళ కుర్రాళ్ళు చేసిన బ్యాండికూట్ అనే రోబో 2018 నుంచే ఉంది. అయినా మనిషే దిగుతున్నాడు. కారణం సాంకేతికం కాదు. ఆ మనిషి ప్రాణం ఆ యంత్రం అద్దె కంటే చవక. ఆటోమేషన్ ఖరీదైన శ్రమను వెతుక్కుంటూ పోతుంది. కులం చవక చేసిపెట్టిన శ్రమ దగ్గరికి వచ్చేసరికి దాని కాళ్ళు ఆగిపోతాయి.

దీనికి తిరుగుడు ఉదాహరణ కూడా మన హైదరాబాద్‌లోనే ఉంది. 2017లో జలమండలి సన్న గల్లీల్లోకి పోగలిగే 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను దింపింది. దళిత పారిశ్రామికుల సంఘం డిక్కీ తోడ్పాటుతో ఆ వాహనాలను దళిత, గిరిజన యువకుల చేతికి ఇచ్చే పద్ధతి పెట్టింది. ఏ గొట్టం ఎటు పోతుందో, ఏ మూత కింద గ్యాసు పేరుకుంటుందో తెలిసిన జ్ఞానం వాడలోనే ఉంది. దానికి యంత్రం, యాజమాన్యం, అప్పు తోడైతే ఆ మనిషే స్థానిక సాంకేతిక నిపుణుడు అవుతాడు. నైపుణ్యాల గురించి ఉపన్యాసాలిచ్చే వాళ్ళ జాబితాలో ఇతను ఎప్పుడైనా కనబడ్డాడా?

ఊడిపోతున్న కింది మెట్టు

ఇప్పుడు అసలు ఐటీ రంగానికి వద్దాం. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి చేతుల మీదుగా మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అప్పటికే కోస్తా ఆధిపత్య కులాల వ్యవసాయ మిగులు సినిమాల్లోకి, కాంట్రాక్టుల్లోకి, ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లోకి పారింది. ఆ కాలేజీల్లోంచి ఆ ఇళ్ళ పిల్లలే మొదట అమెరికా విమానం ఎక్కారు. హైదరాబాద్ బాడీషాపుల మీద షియాంగ్ బియావో 2007లో పుస్తకం తెచ్చాడు. సాఫ్ట్‌వేర్ కుర్రాడి చదువు ఖర్చుకూ, పెళ్ళి మార్కెట్లో అతనికి పలికే కట్నానికీ మధ్య సంబంధాన్ని అందులో చూపించాడు. అంటే నైపుణ్యం అనేది ఒక్కడి తెలివి కాదు. దాని వెనుక భూమి ఉంది, కట్నం ఉంది, ముందే పోయి అక్కడ స్థిరపడిన బావలూ బాబాయిలూ ఉన్నారు.

మన పిల్లలు ఈ రంగంలోకి ఆలస్యంగా వచ్చారు. 2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించాక వాడల్లోంచి మొదటి తరం బీటెక్‌లు పెద్ద సంఖ్యలో తయారయ్యారు. లెక్చరర్లు సరిగా లేని కాలేజీల్లో చదివి, అమీర్‌పేట హాస్టళ్ళలో ఒక్కో గదిలో నలుగురైదుగురు ఉండి, ఆరు నెలల్లో జావానో టెస్టింగో నేర్చుకుని, కాల్ సెంటర్లో, డేటా ఎంట్రీలో, సాఫ్ట్‌వేర్ టెస్టింగులో, సపోర్టు పనుల్లో చేరారు. గొప్ప ఉద్యోగాలేమీ కావు. కానీ అది మెట్టు. ఆ మెట్టు మీద రెండేళ్ళు నిలబడితే పైమెట్టు అందుతుంది, ఇంట్లో చెల్లెలి చదువు సాగుతుంది, ఊళ్ళో అమ్మ దొర పొలానికి పోవడం మానేస్తుంది.

కృత్రిమ మేధ మొదట పట్టుకున్నది సరిగ్గా ఈ పనులనే. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2025లో జీతాల లెక్కలు తీసి చూశారు. కృత్రిమ మేధ ప్రభావం ఎక్కువగా ఉన్న పనుల్లో 22 నుంచి 25 ఏళ్ళ మధ్య వాళ్ళ ఉపాధి మిగతావాళ్ళతో పోలిస్తే 13 శాతం తగ్గిందని, అనుభవం ఉన్న పెద్దవాళ్ళకు ఆ దెబ్బ తగల్లేదని తేల్చారు. మన దగ్గర లెక్కలు వేరుగా ఉండొచ్చు. 2025 జులైలో టీసీఎస్ సుమారు 12 వేల ఉద్యోగాలు తీసేస్తానని ప్రకటించినప్పుడు ప్రధానంగా మధ్య, పై స్థాయిల వాళ్ళేనని చెప్పింది. అదే సమయంలో బహుళజాతి కంపెనీల సొంత కేంద్రాలు పెరుగుతున్నాయన్నదీ నిజమే. 2024 నాటికి దేశంలో అవి 1700 దాటాయని, వాటిలో 19 లక్షల మంది పనిచేస్తున్నారని నాస్కామ్ లెక్క. హైదరాబాద్ వాటికి పెద్ద స్థావరం. కాబట్టి గిరాకీ ఉంది. ఎవరికి ఉంది అన్నదే ప్రశ్న. అనుభవం ఉన్నవాడికి, పేరున్న కాలేజీలో చదివినవాడికి, ఇంగ్లీషు ఇంట్లోనే నేర్చుకున్నవాడికి ఉంది. అనుభవం సంపాదించుకునే మొదటి మెట్టు మాయమైతే, మొదటి తరం పిల్లవాడు అనుభవజ్ఞుడు ఎట్లా అవుతాడు? పైమెట్టు మీద ఖాళీలున్నాయని చెప్పి, కింది మెట్టు ఊడబీకి, మీకు నైపుణ్యం లేదు అంటున్నారు.

తలుపు దగ్గర నిలబడ్డదెవరు?

నైపుణ్యం సంపాదించాక కూడా తలుపు ఒకటుంది. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన పరిశోధన మన విద్యార్థులందరూ చదవాలి. పేపర్లలో ప్రైవేటు కంపెనీల ప్రకటనలు 548 చూసి 4808 దరఖాస్తులు పంపారు. అర్హతలు ఒకటే, పేర్లు మాత్రం వేరు. అగ్రకుల హిందువు పేరున్న దరఖాస్తుతో పోలిస్తే దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులే. ముస్లిం పేరుకు ఇంకా తక్కువ, మూడో వంతు. అదే ఏడాది సురీందర్ జోధ్కా, కాథరిన్ న్యూమన్ పెద్ద కంపెనీల హెచ్ఆర్ మేనేజర్లతో మాట్లాడారు. తాము ప్రతిభనే చూస్తామని వాళ్ళు చెప్పారు. ఇంటర్వ్యూలో కుటుంబ నేపథ్యం అడుగుతామని కూడా వాళ్ళే చెప్పారు. నాన్న ఏం చేస్తాడు అనే ప్రశ్న ఒకడికి మర్యాద, ఇంకొకడికి కులం అడగడం. ఈ తేడా అడిగేవాడికి తెలియదని నేను నమ్మను.

ఇప్పుడు ఆ తలుపు దగ్గర కూడా యంత్రమే కూచుంటోంది. యంత్రానికి కులం తెలియదు గదా, న్యాయం జరుగుతుంది అని కొందరు మిత్రులు ఆశపడుతున్నారు. అమెజాన్ కంపెనీ దరఖాస్తులు వడపోయడానికి ఒక యంత్రాన్ని తయారుచేసుకుంది. పదేళ్ళ పాత దరఖాస్తులను దానికి నేర్పితే, అవి ఎక్కువగా మగవాళ్ళవి కావడం వల్ల, ఆడవాళ్ళ దరఖాస్తులను కిందికి తోసింది. దాన్ని పక్కన పెట్టేశారని 2018లో రాయిటర్స్ బయటపెట్టింది. మన కంపెనీలు పాతికేళ్ళుగా ఎవర్ని తీసుకున్నాయో ఆ చరిత్రనే యంత్రం చదువుకుంటే ఏం నేర్చుకుంటుంది? కాలేజీ పేరు, ఊరి పేరు, ఇంటి పేరు, గ్యాప్ వచ్చిన సంవత్సరాలు, మాట యాస. ఇవన్నీ కులం పేరు ఎత్తకుండానే కులాన్ని చెప్తాయి. మనిషి అడిగితే కనీసం వాడి కళ్ళలోకి చూడొచ్చు. యంత్రం తిరస్కరిస్తే, ఎందుకు తిరస్కరించిందో అడగడానికి మనిషే దొరకడు.

ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల మాట 2004లో యూపీఏ ప్రభుత్వం ఎత్తింది. పరిశ్రమాధిపతులు స్వచ్ఛందంగా చేస్తామన్నారు, నియమావళి రాసుకున్నారు. స్వచ్ఛందం అంటే లెక్క చెప్పనక్కర్లేదని అర్థం. ఏ కంపెనీలో, ఏ స్థాయిలో, ఎంతమంది దళితులు, ఆదివాసులు ఉన్నారో ఇవాళ్టికీ మనకు చెప్పే బాధ్యత ఎవరి మీదా లేదు. ఇక 2025లో రెండు రాష్ట్రాలూ ఎస్సీ వర్గీకరణ అమల్లోకి తెచ్చాయి. 1994లో ఈదుమూడి నుంచి మొదలైన దండోరా ఉద్యమానికి అది ఆలస్యంగా దొరికిన న్యాయం. కానీ ఆ న్యాయం వర్తించేది ప్రభుత్వ ఉద్యోగాల్లో, చదువుల్లో. ఉద్యోగాలు పెరుగుతున్న చోట పంచుకోవడానికి మాలకూ లేదు, మాదిగకూ లేదు, రెల్లికీ లేదు. ఈ విషయంలోనైనా మనం కలిసి మాట్లాడాల్సిన అవసరం ఉంది.

ఊరు లోకల్, వాడ?

రెండో పదం, స్థానికత. తెలుగువాళ్ళకు ఇది రక్తంతో రాసిన పదం. 1952 ముల్కీ ఆందోళన, 1969 ఉద్యమం, 1973 ఆరు సూత్రాలు, 371-డి అధికరణం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 610 జీవో, చివరికి 2014లో తెలంగాణ. 2018 ఉత్తర్వులతో తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకే. ఈ పోరాటాల్లో దళిత బహుజనులు ముందువరసలో ఉన్నారు. ప్రైవేటు రంగానికి వస్తే, పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకు ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ 2019లో చట్టం చేసింది. హర్యానా చేసిన ఇట్లాంటి చట్టాన్ని 2023 నవంబరులో హైకోర్టు కొట్టేసింది. 2024 జులైలో కర్ణాటక మంత్రివర్గం బిల్లు ఆమోదిస్తే, ఐటీ కంపెనీలు నైపుణ్యం దొరకదంటూ గోల చేయగానే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఇక్కడ గమనించాల్సింది, స్థానికత అడిగినప్పుడు నైపుణ్యం అడ్డం వస్తుంది. రిజర్వేషన్ అడిగినప్పుడు ప్రతిభ అడ్డం వస్తుంది. వాదన ఒకటే, పేరు మారింది.

అట్లాగని స్థానికతను అట్లాగే నెత్తిన పెట్టుకోవడానికీ లేదు. ఈ చట్టాల్లో స్థానికుడు అంటే రాష్ట్రంలో, జిల్లాలో ఉండేవాడు, అంతే. లోపల కులం లేదు. మన భాషలో ఊరు వేరు, వాడ వేరు. ఊళ్ళోకి పోయొస్తా అని వాడలో మనిషి అంటాడు, వాడ ఆ ఊళ్ళోనే ఉన్నా సరే. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో చచ్చిపోయినవాళ్ళు పక్కా స్థానికులు. చంపినవాళ్ళూ స్థానికులే. డెబ్భై అయిదు శాతం స్థానికులకు ఇచ్చినా, ఆ డెబ్భై అయిదూ ఊరే పట్టుకుపోతే వాడకు మిగిలేదేంటి? నగరంలోనూ అంతే. ఉద్యోగం దొరికాక మాదాపూర్ చుట్టుపక్కల కిరాయి ఇల్లు వెతుక్కోండి, శాకాహారులకు మాత్రమే అనే మాట ఎన్నిసార్లు వింటారో లెక్కపెట్టుకోండి.

మన మాట, వాళ్ళ మేధ

కృత్రిమ మేధకు స్థానికుడు నిజంగా అవసరమయ్యే చోటు ఒకటుంది. అది భాష. కేంద్రం 2022లో భాషిణి మొదలుపెట్టింది. కంపెనీలూ విశ్వవిద్యాలయాలూ జిల్లా జిల్లాకూ పోయి తెలుగు మాటలు రికార్డు చేయిస్తున్నాయి. యంత్రానికి తెలుగు రావాలంటే ఎవరో మాట్లాడాలి, ఎవరో విని రాయాలి, ఎవరో ఇది తప్పు ఇది ఒప్పు అని గుర్తుపెట్టాలి. ఆ పని వాక్యానికింత, ఫోటోకింత లెక్కన కడతారు. మళ్ళీ పాత కథే: మేధ యంత్రానిది, నైపుణ్యం ఇంజనీరుది, కూర్చుని వేలకొద్దీ వాక్యాలు సరిచేసిన అమ్మాయిది మాత్రం వట్టి కష్టం. చాట్‌జీపీటీకి విషపు రాతలను గుర్తుపట్టడం నేర్పిన కెన్యా శ్రామికులకు గంటకు రెండు డాలర్ల లోపే ఇచ్చారని టైమ్ పత్రిక 2023లో రాసింది. నల్లవాళ్ళకు అక్కడ జరిగింది మనకిక్కడ కొత్త కాదు.

ఆ పనిలో ఎంత నైపుణ్యం ఉందో చూడండి. ఒక కులం పేరు ఒక నోట గౌరవం, ఇంకో నోట తిట్టు. దాన్ని తిట్టుగా వాడినందుకే 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసులు అవుతున్నాయి. ఏ స్వరంలో, ఏ సందర్భంలో అది తిట్టవుతుందో విన్నవాడికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో పేరున్న భాషా నమూనాలను పరీక్షించారు. అమెరికా జాతి వివక్ష విషయంలో కాస్త జాగ్రత్త నేర్చుకున్న ఆ యంత్రాలే కులం దగ్గరికి వచ్చేసరికి పాత ముద్రలనే తిరిగి అప్పజెప్పాయని చూపించారు. పుస్తకాల్లో, పేపర్లలో ఉన్న తెలుగు ఎవరు రాసింది? అందులో వాడ మాట ఎంత? ఆ తెలుగునే మింగి పెరిగిన యంత్రం వాడ గురించి ఏం చెప్తుంది? దళిత సాహిత్యం ముప్పై ఏళ్ళుగా ఇదే ప్రశ్నను పాఠ్యపుస్తకాలను అడిగింది. ఇప్పుడు యంత్రాన్నీ అడగాలి. ఆ యంత్రాన్ని సరిదిద్దగల మనిషి వాడలో ఉన్నాడు. అతన్ని నిపుణుడని పిలవాలి, నిపుణుడికిచ్చే జీతం ఇవ్వాలి.

లెక్కలు కలిపి చదువుదాం

2024 జూన్‌లో చంద్రబాబు నాయుడు మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యాక సంతకం చేసిన మొదటి అయిదు ఫైళ్ళలో నైపుణ్య గణన ఒకటి. అదే ఏడాది ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం స్కిల్స్ యూనివర్సిటీకి శంకుస్థాపన చేసింది. అదే తెలంగాణలో ఆ ఏడాది నవంబరులో కులగణన మొదలైంది, 2025 ఫిబ్రవరిలో ఫలితాలు చెప్పారు: ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం. దేశ జనాభా లెక్కల్లోనూ కులాన్ని లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్‌లో ఒప్పుకుంది. ఒక బల్ల మీద నైపుణ్యాల లెక్క, ఇంకో బల్ల మీద కులాల లెక్క. ఈ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చదివేవాళ్ళు లేరు. ఆ పని మన పరిశోధకులది, విద్యార్థి సంఘాలది.

అందుకు మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. ప్రభుత్వ భూమి, కరెంటు, పన్ను రాయితీలు తీసుకునే ప్రతి ఐటీ కంపెనీ, ప్రతి డేటా సెంటరు తమ ఉద్యోగుల కుల వివరాలను స్థాయిల వారీగా ప్రతి ఏటా బయటపెట్టాలి. 2025 అక్టోబరులో విశాఖలో గూగుల్ 1500 కోట్ల డాలర్ల కేంద్రం ప్రకటించినప్పుడు ఎన్ని ఎకరాలు, ఎన్ని మెగావాట్లు అని చర్చ జరిగింది. ఎవరి ఉద్యోగాలు అనే చర్చ కూడా జరగాలి. స్థానికులకు కేటాయింపు ఉన్న ప్రతి చోటా ఆ కేటాయింపు లోపల ఎస్సీ, ఎస్టీ, బీసీల వాటా ఉండాలి. దరఖాస్తులను యంత్రంతో వడపోస్తే, అది ఏ కులాల వాళ్ళను ఎంతమందిని తోసేస్తోందో బయటివాళ్ళు పరీక్షించే హక్కు ఉండాలి. మొదటి ఉద్యోగమే శిక్షణగా, జీతంతో కూడిన రెండేళ్ళ అప్రెంటిస్ పద్ధతి మొదటి తరం పట్టభద్రులకు రావాలి. మురుగు కాలువలో యంత్రం ముందు దిగాలి, దాన్ని నడిపే మనిషికి సాంకేతిక ఉద్యోగి హోదా దక్కాలి.

చివరగా నా విద్యార్థి గురించి. అతను బీటెక్ చేసి, అమీర్‌పేటలో నేర్చుకుని, ఒక కంపెనీలో మూడేళ్ళు టెస్టింగ్ పని చేశాడు. పోయిన ఏడాది ఆ పనిని యంత్రానికి అప్పజెప్పి అతన్ని పంపేశారు. కొత్త నైపుణ్యాలు నేర్చుకుని రమ్మన్నారు. మొన్న కలిసినప్పుడు అడిగాడు: "సార్, మా తాతకు మోటరొచ్చింది, నాకు ఏఐ వచ్చింది. మా తాత పనిని విద్య అనలేదు, సరే. నేను చదివింది విద్యే గదా, నన్ను కూడా అదే మాట ఎందుకంటున్నారు?" నా దగ్గర అప్పటికప్పుడు జవాబు లేదు. క్లాసులో నైపుణ్యాలు పెంచుకోండి అని చెప్పే ముందు ఆ జవాబేదో మనం వెతకాలి. ఈ వ్యాసం అందుకు మొదలు మాత్రమే. దీని మీద చర్చ జరగాలని, ముఖ్యంగా ఆ ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళూ, పోగొట్టుకున్నవాళ్ళూ రాయాలని కోరుకుంటున్నాను.